ఇన్వెస్టర్లు లేని ఊళ్లో సొంత డబ్బుతో స్టార్టప్: జేబు లెక్క నుంచి మొదటి జీతం దాకా

మీ నగరంలో స్టార్టప్ మీటింగ్ ఏదైనా జరిగితే ఒకసారి చుట్టూ చూడండి. వచ్చినవాళ్ళంతా ఫౌండర్లే. చెక్కు రాయగలిగినవాళ్ళు ఒక్కరూ ఉండరు, ఎవరైనా ఉన్నా "ఇంకొంచెం ట్రాక్షన్ (అమ్మకాల ఊపు) రానివ్వండి, అప్పుడు కలుద్దాం" అని కార్డు చేతిలో పెట్టి వెళ్ళిపోతారు. నేను మొదటి ఏడాదిలో ఐదు నెలలు పిచ్ డెక్ (ఇన్వెస్టర్లకి చూపించే స్లయిడ్లు) దిద్దుకుంటూనే గడిపేశాను. స్లయిడ్లు 11 నుంచి 23 అయ్యాయి, ఎవరో చెప్పారని మళ్ళీ 9కి దిగాయి. ఆ ఐదు నెలల్లో అమ్మింది మాత్రం సున్నా.

తర్వాత తెలిసొచ్చింది ఏంటంటే, ఇన్వెస్టర్ లేని చోట డబ్బు పెట్టే పని కస్టమర్ చేయాలి. అది దానంతట అది జరగదు. ఏం అమ్ముతున్నాం, ఎవరికి అమ్ముతున్నాం, డబ్బు ఏ రోజున తీసుకుంటున్నాం అనేవి మొదటి నుంచీ అందుకు తగ్గట్టు కుదుర్చుకోవాలి. పొదుపుగా ఉండమని అందరూ చెప్తారు, సెకండ్ హ్యాండ్ కుర్చీలు కొనుక్కుంటే కంపెనీ ఇంకో రెండు వారాలు ఎక్కువ బతుకుతుందేమో. డబ్బు వచ్చే తేదీని ముందుకు, పోయే తేదీని వెనక్కి జరపగలిగితే మాత్రం ఏళ్ళు బతుకుతుంది. ఈ గైడ్‌లో ఎక్కువ భాగం దాని గురించే.

1. ముందు మీ దగ్గర ఎన్ని నెలలు ఉన్నాయో లెక్కపెట్టండి

డబ్బు ఎంత ఉందన్నది కాదు, నెలలు ఎన్ని అన్నది రాసుకోవాలి. ఉదాహరణకి చేతిలో 6 లక్షలు ఉన్నాయి, ఇంటికి నెలకు 35 వేలు, వ్యాపారానికి 15 వేలు అనుకుందాం. పైపైన చూస్తే 12 నెలలు. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ముట్టుకోవడానికి ఒక లక్ష పక్కన పెట్టండి, 10 నెలలు అవుతుంది. కస్టమర్ "సరే" అన్న రోజుకీ డబ్బు ఖాతాలో పడే రోజుకీ మధ్య రెండు నెలలు తేలిగ్గా పోతాయి కాబట్టి, నిజంగా మీకున్నది 8 నెలలు. ఆ ఎనిమిదో నెల చివరి తేదీని ఒక కాగితం మీద రాసి, ఇంట్లో వాళ్ళకి కూడా చూపించండి. ఇంట్లో చెప్పకుండా మొదలుపెట్టిన వ్యాపారంలో ప్రతి ఖర్చుకీ రెండు అబద్ధాలు చెప్పాల్సి వస్తుంది, ఆ టెన్షన్‌తో అమ్మకాల ఫోన్లు చేయలేం.

ఉద్యోగం ఉంటే వెంటనే మానేయొద్దు. రోజుకి రెండు గంటలతో 3వ దశ పూర్తిగా, 4వ దశ సగం దాకా చేయొచ్చు. కాకపోతే ఆఫర్ లెటర్ తీసి ఒకసారి చదవండి, ఉద్యోగంలో ఉండగా మీరు తయారుచేసినదంతా కంపెనీకే చెందుతుందని కొన్నిట్లో రాసి ఉంటుంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మీ సొంత పని ఒక్క ఫైలు కూడా పెట్టొద్దు.

అప్పు గురించి. అట్లాసియన్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళు 2002లో సిడ్నీలో 10,000 డాలర్ల క్రెడిట్ కార్డు అప్పుతో మొదలుపెట్టారన్న కథ అందరికీ తెలుసు, అందరూ దాన్ని ధైర్యానికి ఉదాహరణగా చెప్తారు. అలాగే కార్డు గీకి మునిగిపోయినవాళ్ళ గురించి ఎవరూ రాయరు కదా. అమ్మకాలు లేనప్పుడు తీసుకునే అప్పు మీ నెలల్ని పెంచదు, తర్వాతి నెలల్ని ముందే తినేస్తుంది. ఇల్లు తాకట్టు అనే మాట ఈ దశలో తలుచుకోవద్దు.

బ్యాంకు ఖాతా మొదటి రోజే వేరుగా తెరవండి. దీని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

2. సొంత డబ్బుతో నడిచే వ్యాపారమేదో తేల్చుకోండి

ప్రతి ఐడియా సొంత డబ్బుతో నడవదు. కొనేవాళ్ళ కోసం అమ్మేవాళ్ళు రావాలి, అమ్మేవాళ్ళ కోసం కొనేవాళ్ళు రావాలి అనే రెండు వైపుల మార్కెట్‌ప్లేస్‌లు, ముందు లక్షల మందికి ఫ్రీగా ఇచ్చి తర్వాత ప్రకటనలతో సంపాదిద్దాం అనే యాప్‌లు, సరుకు ముందే కొని గోడౌన్ నింపాల్సినవి, ఇవన్నీ మొదటి రూపాయి వచ్చేలోపు చాలా డబ్బు మింగేస్తాయి. ఐడియా గొప్పదే కావచ్చు, మీ జేబుకి మాత్రం కాదు.

అలా నడిచేవి ఎలా ఉంటాయంటే: కొనేది ఇంకో వ్యాపారం అయ్యుండాలి, ఆ సమస్య వల్ల వాళ్ళకి ఇప్పటికే ప్రతి నెలా డబ్బు పోతూ ఉండాలి, సంతకం పెట్టే మనిషి మీరు నేరుగా కలవగలిగే దూరంలో ఉండాలి, ఒకసారి కొన్నాక ప్రతి నెలా కట్టే అవసరం ఉండాలి. నాలుగూ కుదరకపోయినా మూడు కుదిరితే ముందుకెళ్ళండి.

పెట్టుబడి దొరకని నగరానికి ఒక మంచి గుణం ఉంది. అక్కడ ఏదో ఒక పాత పరిశ్రమ బలంగా ఉంటుంది, రవాణానో, ఆసుపత్రులో, హోల్‌సేల్ వ్యాపారమో, చదువులో. పెట్టుబడులు పారే నగరాల్లో కోడ్ రాసేవాడికి లారీ బుకింగ్ ఆఫీసు లోపల ఏం జరుగుతుందో తెలియదు. మీకు తెలుసు, లేదా తెలిసిన మనిషి తెలుసు. క్వాల్‌ట్రిక్స్ అనే సర్వేల సాఫ్ట్‌వేర్ కంపెనీ 2002లో అమెరికాలోని ప్రోవో అనే చిన్న నగరంలో మొదలైంది, దాని వ్యవస్థాపకుల్లో ఒకాయన అక్కడి యూనివర్సిటీలో మార్కెటింగ్ ప్రొఫెసర్. అందుకే మొదటి కస్టమర్లు యూనివర్సిటీ వాళ్ళే అయ్యారు. పదేళ్ళ దాకా, అంటే 2012లో 7 కోట్ల డాలర్లు తీసుకునే వరకూ, బయటి పెట్టుబడి లేదు. ఊళ్లో ఏ పరిశ్రమ ఉందో దానికే అమ్మడం అన్నమాట.

3. ఇరవై మంది దగ్గరికి వెళ్ళి కూర్చోండి

"ఇలాంటి యాప్ చేస్తే వాడతారా?" అని మాత్రం అడగొద్దు. మొహమాటానికి అందరూ "బాగుందండి, చేయండి" అంటారు, మీరు ఎగురుకుంటూ ఇంటికొచ్చి ఆరు నెలలు కోడ్ రాస్తారు. జరగబోయేది వదిలేసి జరిగిపోయినది అడగాలి. ఇది చివరిసారి ఎప్పుడు జరిగింది, అప్పుడు ఏం చేశారు, ఎవరు చేశారు, ఎంత పోయింది, దాన్ని సరిచేయడానికి ఇప్పటిదాకా ఏమైనా కొన్నారా. చివరి ప్రశ్నకి "లేదు, ఏం చేయలేదు" అని వస్తే ఆ సమస్య వాళ్ళని అంతగా నొప్పించడం లేదని అర్థం.

నా సంగతి చెప్తాను. వాహనాల స్పేర్ పార్టుల డిస్ట్రిబ్యూటర్ ఒకాయన తన సమస్య స్టాకు లెక్క అన్నారు. నేనూ నమ్మాను, స్టాకు సాఫ్ట్‌వేర్ బొమ్మలు కూడా గీసుకున్నాను. అనుమానం వచ్చి రెండు రోజులు ఆయన గోడౌన్‌లో లెక్కలు రాసే పెద్దాయన పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. స్టాకు ఆయన దాదాపు నోటిమీద చెప్పేస్తున్నాడు, తప్పు రావడం లేదు. మధ్యాహ్నం షాపుల నుంచి పాడైన పార్టులు తిరిగొచ్చాయి. ఆ చీటీలన్నీ గోడకి కొట్టిన పెద్ద మేకుకి గుచ్చేశాడు. "ఇవేంటండీ?" అంటే, "కంపెనీ వాళ్ళకి క్లెయిమ్ పంపాలి బాబూ, గడువు దాటితే తీసుకోరు, ఎప్పుడు తీరిక దొరికితే అప్పుడు పంపుతా" అన్నాడు. మేకు కిందున్న చీటీలు రంగు మారిపోయి ఉన్నాయి. నేను లాగి చూసిన 31 చీటీల్లో 12 గడువు దాటిపోయాయి.

ఓనర్‌కి ఆ మేకు ఉందని తెలుసు. అందులో ఎంత డబ్బు గుచ్చి ఉందో తెలియదు. నా వ్యాపారం ఆ మేకులో దొరికింది, స్టాకు సాఫ్ట్‌వేర్‌లో కాదు.

కాబట్టి మాటలతో ఆపకండి, పని జరిగే చోట కూర్చోండి. వెతకాల్సింది ఇలాంటి మేకులే: గోడ మీద అంటించిన కాగితాలు, డైరీ చివరి పేజీలో పెన్సిల్ గుర్తులు, ఒకే లెక్క రెండు చోట్ల రాయడం, అందరూ "అది ఆయన్నే అడగాలి" అనే ఒక మనిషి. ఇరవై మందిలో కనీసం ఆరేడుగురి దగ్గర అదే సమస్య అదే ఆకారంలో కనపడితే అప్పుడు తర్వాతి మెట్టు.

4. చేత్తో చేసి అమ్మండి

సాఫ్ట్‌వేర్ రాయకముందే నేను ఆ డిస్ట్రిబ్యూటర్‌తో ఒప్పందం చేసుకున్నాను. రోజూ సాయంత్రం చీటీల ఫోటోలు పంపుతారు, నేను స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కించి, ఈ వారం గడువు తీరేవి ఏవో పొద్దున్నే జాబితా పంపుతాను. రెండు నెలలు అలాగే చేశాను. ఆయన అది మెషీన్ చేస్తుందా మనిషి చేస్తున్నాడా అని ఒక్కసారి కూడా అడగలేదు, ఎంత వెనక్కొచ్చిందని మాత్రం ప్రతి శనివారం అడిగేవారు.

చేత్తో చేయడం వల్ల రెండు లాభాలు. డబ్బు మొదటి నెల నుంచే వస్తుంది. రెండోది ఇంకా ముఖ్యం, ఏది రాయాలో ఏది అక్కర్లేదో తెలిసిపోతుంది. నేను ముందు గీసుకున్న 14 స్క్రీన్లలో చివరికి 3 మాత్రమే కట్టాను.

దీనికి దగ్గర దారి ఇంకోటి, సర్వీస్ పనులు చేస్తూ ఆ డబ్బుతో ప్రొడక్ట్ కట్టడం. 37 సిగ్నల్స్ 1999లో షికాగోలో వెబ్ డిజైన్ సంస్థగా మొదలైంది, క్లయింట్ల పనులు చూసుకోవడానికి తాము తయారుచేసుకున్న పనిముట్టునే 2004లో బేస్‌క్యాంప్ పేరుతో అమ్మడం మొదలుపెట్టారు. మెయిల్‌చింప్‌ అనే ఈమెయిల్ ప్రచారాల సర్వీసు కూడా అట్లాంటాలో ఒక వెబ్ డిజైన్ సంస్థ పక్కపనిగా 2001లో పుట్టిందే. బయటి పెట్టుబడి తీసుకోకుండా ఇరవై ఏళ్ళు నడిచి, 2021లో సుమారు 1200 కోట్ల డాలర్లకి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇంట్యూట్‌కి అమ్మేటట్టు ఒప్పందమైంది.

అయితే ఈ దారిలో గొయ్యి కూడా ఉంది, చాలామంది అందులోనే ఉండిపోతారు. సర్వీస్ డబ్బు తియ్యగా ఉంటుంది, అడిగిన క్లయింట్ ఎదురుగా ఉంటాడు, ప్రొడక్ట్ ఎప్పుడూ "వచ్చే నెల"కి జరిగిపోతూ ఉంటుంది. మూడేళ్ళయ్యాక చూసుకుంటే చేతిలో ఉన్నది ఎనిమిది మంది పనిచేసే ఒక చిన్న ఏజెన్సీ. అది తప్పేం కాదు, కానీ మీరు మొదలుపెట్టింది దానికోసం కాదు కదా. నేను పెట్టుకున్న కట్టుబాట్లు ఇవి: వారంలో రెండు రోజులు ప్రొడక్ట్‌కే, ఆ రోజుల్లో క్లయింట్ ఫోన్ ఎత్తను. ప్రొడక్ట్ ఏ రంగానికో ఆ రంగం వాళ్ళ సర్వీస్ పనే తీసుకుంటాను, ఎంత డబ్బిచ్చినా వేరే రంగం వద్దు, ఎందుకంటే నేర్చుకున్నది తిరిగి పనికి రావాలి. అన్ని ఒప్పందాల్లోనూ అందరికీ పనికొచ్చే కోడ్ హక్కు నాదేనని, వాళ్ళకి ప్రత్యేకంగా చేసిన భాగం మాత్రం వాళ్ళదని రాయించుకుంటాను. ఈ చివరిది మర్చిపోతే మీ ప్రొడక్ట్‌కి మీరే ఓనర్ కాకుండా పోతారు.

5. ధర, అడ్వాన్సు, తేదీలు: అసలు పనంతా ఇక్కడే

ఈ భాగం నిదానంగా చదవండి. లాభం వస్తున్న కంపెనీ కూడా డబ్బు లేక మూతపడుతుంది, అది ఎలాగో లెక్కలో చూద్దాం.

నెలకు ఒక ఆర్డరు, విలువ ఒక లక్ష. దాన్ని పూర్తిచేయడానికి ఖర్చు 70 వేలు, అదే నెలలో పోతుంది. కస్టమర్ 90 రోజుల తర్వాత కడతాడు. లాభం 30 శాతం, కాగితం మీద చాలా బాగుంది. కానీ మొదటి లక్ష చేతికి వచ్చేలోపు మీరు మూడు ఆర్డర్ల ఖర్చు పెట్టాలి, అంటే 2 లక్షల 10 వేలు. నెలకు రెండు ఆర్డర్లు వస్తే 4 లక్షల 20 వేలు. వ్యాపారం పెరిగేకొద్దీ మీ జేబులోంచి పోయేది పెరుగుతుంది, అందరూ అభినందిస్తున్న సమయానికే మీరు అద్దె కట్టలేని స్థితిలో ఉంటారు.

ఇప్పుడు అదే ఆర్డరుకి 40 శాతం అడ్వాన్సు అడగండి. ఆర్డరుకి మీరు పెట్టేది 30 వేలు, మూడు ఆర్డర్లకి 90 వేలు. 70 శాతం అడ్వాన్సు అయితే సున్నా. ధర మారలేదు, ఖర్చు మారలేదు, తేదీ మారింది అంతే.

అకౌంటెంట్లు దీన్ని ఒక చిన్న సూత్రంగా చెప్తారు: సరుకు మీ దగ్గర ఉండే రోజులు, దానికి డబ్బు రావడానికి పట్టే రోజులు కలిపి, అందులోంచి మీరు సరఫరాదారులకి కట్టడానికి తీసుకునే రోజులు తీసేయాలి. వచ్చిన అంకె ఎంత చిన్నదైతే అంత మంచిది. 1984లో 1,000 డాలర్లతో కాలేజీ హాస్టల్ గదిలో మొదలైన డెల్ తర్వాత ఈ అంకెని సున్నా కిందకి దించింది. కంప్యూటర్ ఆర్డరు తీసుకున్నాకే బిగించేవారు, కస్టమర్ డబ్బు ముందు వచ్చేది, విడిభాగాల వాళ్ళకి తర్వాత కట్టేవారు. పెరుగుదలకి కావాల్సిన డబ్బులో పెద్ద భాగం కస్టమర్లే మోశారు.

మన స్థాయిలో దీన్ని ఎలా చేయాలంటే, నెలవారీ ప్రొడక్ట్ అయితే ఏడాదికి ఒకేసారి కట్టేవాళ్ళకి రెండు నెలలు ఫ్రీ ఇవ్వండి. దాదాపు 16.7 శాతం తగ్గింపు. ఎక్కువ అనిపిస్తుంది, నాకూ మొదట్లో చేతులు రాలేదు. కానీ పది నెలల డబ్బు ఈ రోజే వస్తుంది, హామీ పెట్టక్కర్లేదు, వాటా ఇవ్వక్కర్లేదు, పైగా ఆ కస్టమర్ ఏడాది దాకా వెళ్ళిపోడు. ప్రాజెక్టు పని అయితే మొదలుపెట్టేటప్పుడు సగం, మధ్యలో పావు, అప్పగించేటప్పుడు పావు. ఆఖరి ముక్క ఎప్పుడూ చిన్నదిగా ఉండాలి, ఎందుకంటే ఎగ్గొట్టేది అదే. ఇంకా పూర్తికాని ప్రొడక్ట్ అయినా సరే, నిజం చెప్పి తక్కువ ధరకి ముందే అమ్మొచ్చు. మైన్‌క్రాఫ్ట్ ఆటని 2009లో, సగం కూడా అవ్వకముందే అలా అమ్మడం మొదలుపెట్టారు, పూర్తి విడుదల 2011 నవంబర్‌లో.

అడ్వాన్సు అడగడానికి నోరు రాదు చాలామందికి. మొహమాటం పక్కనపెట్టి ఇలా అడగండి: "సగం ముందు ఇస్తే సోమవారం మొదలుపెడతానండి, లేకపోతే ఇప్పుడున్న పనులు అయ్యాక వచ్చే నెలాఖరుకి చూస్తాను." ఇది బెదిరింపు కాదు, మీ పరిస్థితి నిజంగానే అది. ఒప్పుకోనివాళ్ళలో సగం మంది తర్వాత కూడా సరిగ్గా కట్టరు, ముందే తెలియడం మంచిదే.

ఒక హెచ్చరిక. అడ్వాన్సు ఆదాయం కాదు, మీరు ఇంకా చేయాల్సిన పని తాలూకు బాకీ. ఏడాది డబ్బు వస్తే అందులో నెలకు పన్నెండో వంతు మాత్రమే మీది. నేను ఒకసారి రెండు ఏడాది చందాలు ఒకేసారి వచ్చేసరికి ఉబ్బితబ్బిబ్బై కొత్త మనిషిని తీసుకున్నాను, ఏడో నెలలో ఆ మనిషికి జీతం ఇవ్వడానికి అన్నయ్య దగ్గర అప్పు తెచ్చాను. అప్పటినుంచీ అడ్వాన్సులకి వేరే ఖాతా, నెల మొదటి తారీఖున ఒక వంతు మాత్రం అసలు ఖాతాలోకి మారుస్తాను.

ఇక ధర ఎంత అంటే, మీకైన ఖర్చు మీద లెక్కేయకండి, వాళ్ళకి మిగిలేదాంట్లో లెక్కేయండి. నెలకు 40 వేల రూపాయల క్లెయిములు వెనక్కి తెచ్చే పనికి 5 వేలు అడిగితే ఎవరూ గింజుకోరు. మొదటి ముగ్గురూ బేరం ఆడకుండా ఒప్పుకున్నారంటే మీ ధర తక్కువని. నాలుగో వాడికి పెంచండి.

6. బిల్లు పంపడం వేరు, డబ్బు రావడం వేరు

ఒక పెద్ద కంపెనీ మాకు మొదటి పెద్ద ఆర్డరు ఇచ్చింది. పని అప్పగించాం, బిల్లు పంపాం, 30 రోజులన్నారు. నలభై రోజులయ్యాయి, ఫోన్ చేస్తే "ప్రాసెస్‌లో ఉందండి". వారం ఆగి మళ్ళీ చేస్తే మళ్ళీ ప్రాసెస్. 52వ రోజున నేనే వెళ్ళి అకౌంట్స్ సెక్షన్‌లో కూర్చున్నాను. అక్కడి అమ్మాయి ఒక ట్రే లోంచి మా బిల్లు తీసి చూపించింది, పైన పెన్సిల్‌తో సున్నా చుట్టి ఉంది. బిల్లు మీద వాళ్ళ పర్చేజ్ ఆర్డర్ నంబర్ లేదు. అది లేకపోతే సిస్టమ్ తీసుకోదు, ఆ మాట మాకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. సరిచేయడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ విడత చెల్లింపులు అప్పటికే వెళ్ళిపోయాయి కాబట్టి ఇంకో రెండు వారాలు.

అందుకే ఆర్డరు తీసుకునే రోజే మూడు విషయాలు అడిగి రాసుకోండి: బిల్లు మీద ఏ నంబర్లు ఉండాలి, ఎవరి సంతకం పడాలి, చెల్లింపులు నెలలో ఏ తారీఖుల్లో వెళ్తాయి. పని అయిన రోజే బిల్లు వెళ్ళాలి, "వారాంతంలో అన్నీ కలిపి పంపుదాం" అనుకుంటే ఆ వారం మీరే ఫ్రీగా అప్పిచ్చినట్టు. మూడో రోజు ఫోన్ చేసి బిల్లు అందిందా, అందులో ఏమైనా లోటుందా అని మాత్రమే అడగండి, డబ్బు గురించి ఎత్తొద్దు. ఈ ఒక్క ఫోన్ వల్ల మాకు వసూళ్ళు చాలా సర్దుకున్నాయి.

7. పదో కస్టమర్ తర్వాత ఊరు దాటండి

మొదటి పది మంది చుట్టుపక్కల వాళ్ళయితే మంచిది, ఏదైనా పాడైతే బండెక్కి వెళ్ళిపోవచ్చు. కానీ పెట్టుబడి కరువైన ఊళ్లో చాలాసార్లు కస్టమర్లూ కరువే అవుతారు, ఉన్నవాళ్ళు ఒకరికొకరు బంధువులు. ఒకళ్ళకి తగ్గించిన ధర సాయంత్రానికి అందరికీ తెలిసిపోతుంది. ఇంకో ప్రమాదం ఒకే కస్టమర్ మీద ఆధారపడటం. ఒకరి నుంచి మొత్తం రాబడిలో మూడో వంతు దాటి వస్తోందంటే మీరు వ్యాపారం చేయడం లేదు, ఇంక్రిమెంట్ లేని ఉద్యోగం చేస్తున్నారు.

దూరం వాళ్ళకి అమ్మడానికి సేల్స్ టీమ్ పెట్టే స్తోమత మనకి లేదు. అట్లాసియన్‌కీ లేదు, వాళ్ళ కస్టమర్లు సముద్రాల అవతల ఉన్నారు. అందుకే ధర వెబ్‌సైట్‌లో బాహాటంగా పెట్టారు, ఎవరితోనూ మాట్లాడకుండా కొనుక్కునేటట్టు చేశారు, ధర కూడా మేనేజర్ పైవాళ్ళని అడగకుండా కట్టగలిగేంత తక్కువ ఉంచారు. బయటి పెట్టుబడి మొదటిసారి తీసుకున్నది 2010లో. మీరు చేయగలిగింది: ధర దాచకండి, మీ రంగం వాళ్ళు వెతికే ప్రశ్నలకి జవాబులు మీరే వివరంగా రాసి పెట్టండి, ఉన్న ప్రతి కస్టమర్‌నీ "ఇదే పని చేసే ఇంకో ఇద్దరి పేర్లు చెప్పండి" అని అడగండి. మూడోదే మాకు అన్నిటికంటే బాగా పనిచేసింది. ఫ్రీ ప్లాన్ జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు. మెయిల్‌చింప్ ఫ్రీ ప్లాన్ పెట్టింది 2009లో, అప్పటికి ఎనిమిదేళ్ళుగా డబ్బు తీసుకుని అమ్ముతోంది.

8. మనుషులు

కో-ఫౌండర్ స్నేహితుడైతే మొదటి రోజే కాగితం రాసుకోండి. వాటాలు నాలుగేళ్ళలో కొంచెం కొంచెంగా చేతికొచ్చేటట్టు, మొదటి ఏడాది పూర్తికాకముందే వెళ్ళిపోతే ఏమీ రాకుండా. "మన మధ్య కాగితాలేంట్రా" అనే స్నేహితుడితో ముందుగా రాయించుకోవాలి.

మొదటి ఉద్యోగి ఎప్పుడంటే, ప్రతి నెలా ఖాయంగా వచ్చే రాబడిలోంచి ఆ జీతం వెళ్ళగలగాలి, పైగా ఆరు నెలల జీతం పక్కన ఉండాలి. అంతవరకూ పార్ట్‌టైమ్. పేరున్న కంపెనీల్లో పనిచేసిన వాళ్ళని తేలేం కాబట్టి నేర్పుకోవడమే దారి. సాఫ్ట్‌వేర్ కంపెనీ జోహో సంగతి చూడండి, 1996లో అడ్వెంట్‌నెట్ పేరుతో మొదలై, వెంచర్ పెట్టుబడి లేకుండా పెరిగి, డిగ్రీ లేని పిల్లల్ని తీసుకుని సొంత బడిలో స్టైపెండ్ ఇచ్చి తయారుచేసుకుంటోంది. మనం బడి పెట్టలేం గానీ, చురుకైన ఒక్క మనిషిని ఆరు నెలలు పక్కన కూర్చోబెట్టుకోగలం. చిన్న నగరంలో అలా తయారైన మనిషి తొందరగా వదిలి వెళ్ళడు, ఇది మనకున్న అరుదైన లాభం.

9. సోమవారం కాగితం

రాబోయే 13 వారాలకి ఒక పట్టిక. వారానికో గడి, పైన రావాల్సిన డబ్బు, కింద పోవాల్సిన డబ్బు, చివర మిగిలేది. "రావచ్చు" అనుకున్నవి రాయొద్దు, బిల్లు వెళ్ళినవే రాయండి, అవి కూడా రెండు వారాలు ఆలస్యంగా వస్తాయనుకుని రాయండి. ఏదో ఒక గడిలో మైనస్ కనపడుతుంది. అది ఈ రోజే కనపడితే సర్దుకోవడానికి కొన్ని వారాల టైముంటుంది, ఎవరికి ఫోన్ చేయాలో తెలుస్తుంది.

దానికి తోడు ఒక్క అంకె: నెలకు ఎంతమంది కస్టమర్లు వదిలేస్తున్నారు. నెలకు 5 శాతమంటే చిన్నదిగా కనపడుతుంది, ఏడాది తిరిగేసరికి వందలో 46 మంది పోతారు. అలా కారుతున్న కుండలో నీళ్ళు పోయడానికి ప్రకటనల మీద ఖర్చుపెట్టకండి, వెళ్ళిపోయినవాళ్ళకి ఫోన్ చేసి ఎందుకు వెళ్ళారో అడగండి.

10. డబ్బు మీ దగ్గరికి వచ్చినప్పుడు

కొంచెం పేరొచ్చాక ఇన్వెస్టర్లు వాళ్ళే ఫోన్ చేస్తారు, ఇది కాస్త నవ్వొచ్చే సంగతి. తీసుకోవడం పాపమేం కాదు. ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సైటు గిట్‌హబ్ 2008 నుంచి సొంత రాబడితో నడిచి 2012లో 10 కోట్ల డాలర్లు తీసుకుంది. చూసుకోవాల్సింది, ఆ డబ్బు వస్తే ఏ పనిలో పెడితే ఎంత తిరిగొస్తుందో మీకు ఇప్పటికే అంకెల్లో తెలుసా అన్నది. తెలియకపోతే ఇంకా వేళ కాలేదు. కాగితాల్లో ఒక్క మాట మాత్రం తప్పకుండా వెతకండి: కంపెనీ అమ్ముడుపోతే ముందు వాళ్ళు పెట్టినదానికి ఎన్ని రెట్లు తీసుకుని తర్వాత మిగిలినవాళ్ళకి పంచుతారు. ఒక రెట్టు మామూలే. అంతకు మించితే లాయర్‌ని కూర్చోబెట్టుకోండి.

స్టార్టప్ పోటీలు, గ్రాంట్లు ఏడాదికి రెండు చాలు. ఒక్కో దరఖాస్తుకి పట్టే పది రోజుల్లో ఇద్దరు కస్టమర్లు దొరుకుతారు.

ఇక జీతం. అట్లాసియన్ వాళ్ళ మొదటి లక్ష్యం కంపెనీని కొండంత చేయడం కాదు, తమతో చదువుకున్నవాళ్ళకి ఉద్యోగంలో వచ్చే జీతం తమకీ వస్తే చాలనుకున్నారు. మీరూ ఒక అంకె పెట్టుకోండి. 13 వారాల కాగితంలో ఎక్కడా మైనస్ లేకుండా వరుసగా మూడు నెలలు గడిస్తే, ఆ అంకెలో సగమైనా ప్రతి నెలా ఒకటో తారీఖున తీసుకోండి, ఎంత చిన్నదైనా సరే. యజమాని జీతం ఖర్చులో రాయని కంపెనీకి లాభం ఎంతో తెలియదు. మరి 1వ దశలో కాగితం మీద రాసుకున్న తేదీ వచ్చేసరికి మూడు నెలలు కాదు కదా ఒక్క నెల కూడా అలా గడవకపోతే, కొత్త ఆర్డర్లు తీసుకోవడం ఆపి, పని మిగిలిన అడ్వాన్సులు లెక్కగట్టి వెనక్కిచ్చేసి, కస్టమర్లకి వాళ్ళ డేటా అప్పగించి ఆపేయండి. మా పరిచయస్తుడు ఒకాయన అలాగే ఆపేశారు, రెండేళ్ళ తర్వాత ఇంకో వ్యాపారం మొదలుపెడితే మొదటి అడ్వాన్సు ఇచ్చింది ఆ పాత కస్టమర్లలో ఒకరే.